ఫోమ్ బోర్డులను స్ప్రే గమ్ముతో అతికించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ముహూర్తాలు మొదలయ్యాయంటే మా షెడ్డులో రాత్రీ పగలూ ఫోమ్ బోర్డుల పనే. పెళ్లి స్టేజీ వెనక ఆర్చీలు, వధూవరుల పేర్ల అక్షరాలు, వినాయక చవితి పందిళ్లకు గోపురాలు, కాలేజీ ఫంక్షన్లకు కటౌట్లు. పని నేర్చుకునే కుర్రాళ్లు, పక్క షాపులవాళ్లు, ఇంట్లో పుట్టినరోజుకు సొంతంగా డెకరేషన్ చేసుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు అటూ ఇటూగా ఇవే. ఫోన్లో సగం చెప్పి సగం మరిచిపోయే బదులు అన్నీ ఒక చోట రాస్తున్నాను.

ఫోమ్ బోర్డు, సన్‌బోర్డు, థర్మాకోల్ అన్నీ ఒకటేనా?

కాదు. షాపులో అన్నిటినీ "ఫోమ్ షీటు" అనేస్తారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. సన్‌బోర్డు పీవీసీతో చేసింది. నున్నగా, గట్టిగా ఉంటుంది. 3, 5, 8 మి.మీ. మందాల్లో ఎక్కువగా 8×4 అడుగుల షీటుగా వస్తుంది. థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ గింజలను ఆవిరితో ఉబ్బించి అచ్చు పోసింది. విరిస్తే గింజలు రాలతాయి. ఆర్కిటెక్చర్ పిల్లలు మోడళ్లకు వాడే పేపర్ ఫోమ్ బోర్డుకు రెండు వైపులా కాగితం ఉంటుంది, మధ్యలో ఉన్నది చాలావరకు పాలీస్టైరీన్ నురగే. నీలం, గులాబీ రంగుల్లో వచ్చే గట్టి ఎక్స్‌పీఎస్ షీటులో గింజలు కనబడవు కానీ అదీ పాలీస్టైరీనే.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, ఒకదాన్ని చక్కగా పట్టే గమ్ము ఇంకోదాన్ని తినేస్తుంది. గమ్ము కొనే ముందు మీ చేతిలో ఉన్న షీటు మూల కొంచెం విరిచి లోపల ఏముందో చూడండి.

కాంటాక్ట్ సిమెంట్ అంటే ఏమిటి? మామూలు ఫెవికాల్‌తో సరిపోదా?

పేరులో సిమెంట్ ఉన్నా ఇది రబ్బరు గమ్ము, మనం స్ప్రేగా కొట్టేది ఇదే. కృత్రిమ రబ్బరును త్వరగా ఆవిరైపోయే ద్రావకంలో, అంటే సాల్వెంట్‌లో కరిగించి చేస్తారు. చాలా రకాల్లో ఉండేది నియోప్రిన్ అనే రబ్బరు, అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1930లో కనిపెట్టింది. ఈ రబ్బరుకు ఒక గుణం ఉంది. ఆరిపోయాక దేనికీ పెద్దగా అంటుకోదు, తనకు తాను మాత్రం వెంటనే అంటుకుంటుంది. అందుకే రెండు ముఖాలకూ కొట్టి, ఆరనిచ్చి, అప్పుడు కలుపుతాం.

తెల్ల ఫెవికాల్ దీనికి పూర్తిగా వేరు. అందులో ఉన్న నీళ్లు బయటికి పోతేనే అది పడుతుంది. చెక్క, కాగితం నీళ్లను పీల్చుకుంటాయి కాబట్టి వాటికి బాగుంటుంది. రెండు థర్మాకోల్ షీట్ల మధ్య పూస్తే నీళ్లకు దారే ఉండదు. అంచులు పట్టినట్టే ఉంటాయి. మూడో రోజు విప్పి చూస్తే నడిమధ్యలో గమ్ము ఇంకా పెరుగులా తెల్లగా, తడిగా ఉంటుంది. సన్నటి పని అయితే, టైం ఉంటే, అంచుల దాకా పలచగా పూసి వాడుకోవచ్చు. రెండడుగులు దాటిన ప్యానెల్‌కు మాత్రం వద్దు.

స్ప్రే కొట్టగానే థర్మాకోల్ కరిగిపోయింది. గమ్ము నకిలీదా?

గమ్ము మంచిదే అయ్యుంటుంది, ఆ పనికి సరిపడింది కాదు. థర్మాకోల్‌లో దాదాపు 98 శాతం గాలే. మిగిలిన పలచటి పాలీస్టైరీన్ గోడలను టోలుయీన్, అసిటోన్ లాంటి సాల్వెంట్లు క్షణాల్లో కరిగిస్తాయి. చిన్నప్పుడు పెట్రోలులో థర్మాకోల్ ముక్క వేసి అది మాయమవడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఆ కరగడం ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూస్తే మరిచిపోరు. గమ్ము పడ్డ చోట ముందు సూది మొనతో గుచ్చినట్టు చిన్న గుంటలు పడతాయి. గుంటలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. తెల్లటి ముఖం మెరుపు పోయి తడి బెల్లంలా జిగటగా కుంగుతుంది, అంచు లోపలికి ముడుచుకుంటుంది. చెవి దగ్గర పెడితే సన్నగా చిటపటమంటుంది. కార్పెంటర్లు ఎస్సార్ అని పిలిచే పసుపు రబ్బరు గమ్మును నేరుగా పూస్తే జరిగేది ఇదే.

థర్మాకోల్‌కు, ఎక్స్‌పీఎస్‌కు "పాలీస్టైరీన్ ఫోమ్‌కు పనికొస్తుంది" అని డబ్బా మీద రాసి ఉన్న స్ప్రేనే కొనండి. ఉదాహరణకు త్రీఎం కంపెనీ 78 నంబరు స్ప్రే పాలీస్టైరీన్ ఫోమ్ కోసమే చేసింది. అది దొరక్కపోతే నీటితో చేసిన కాంటాక్ట్ గమ్ము ఉంది. పూసినప్పుడు పాలలా తెల్లగా ఉండి, ఆరాక పారదర్శకం అవుతుంది. నిదానంగా ఆరుతుంది కానీ షీటును తినదు.

పేపర్ ఫోమ్ బోర్డు విషయంలో ఇంకో మాట. కాగితం అడ్డం ఉంది కదా అని ఏ గమ్మయినా కొట్టేయకండి. తడిసేంత మందంగా కొడితే సాల్వెంట్ కాగితం దాటి లోపలికి దిగుతుంది. కోసిన అంచుల దగ్గర అయితే అడ్డమే లేదు.

సన్‌బోర్డుకు ఏది వాడాలి?

మంచి స్ప్రే కాంటాక్ట్ గమ్ము ఏదైనా సాధారణంగా పడుతుంది, పీవీసీకి సరిపోతుందని డబ్బా మీద ఉందో లేదో మాత్రం చూసుకోండి. షీటు ముఖం మరీ నునుపు కాబట్టి 180 నంబరు ఎమ్రీ పేపరుతో తేలికగా రుద్ది, దుమ్ము పొడిగుడ్డతో తుడిచి కొట్టండి. రక్షణ కోసం వేసిన పలచటి ప్లాస్టిక్ పొర తీయకుండా దాని మీదే గమ్ము కొట్టేవాళ్లను చూశాను. గమ్ము బాగా పట్టింది, పొరే ఊడి వచ్చింది.

ముందే పరీక్ష చేసుకోవడం ఎలా?

అదే షీటు నుంచి అరచేతి సైజు ముక్కలు రెండు కోయండి. గమ్ము కొట్టి, ఆరబెట్టి, అతికించి, ఒక గంట ఆగి చేత్తో పీకండి. ఫోమ్ చిరిగితే గమ్ము గెలిచినట్టు. గమ్ము పొర ఒక ముఖం నుంచి శుభ్రంగా లేచి వస్తే ఆ జోడీ పనికిరాదు. గంటన్నర పని, రెండు వేల రూపాయల షీటు మిగులుతుంది.

రెండు వైపులా కొట్టాలా? ఒక వైపు చాలదా?

రెండు వైపులా కొట్టాలి. కాగితం, పలచటి గుడ్డ లాంటి తేలికవాటికి ఒక వైపు చాలొచ్చు. ప్యానెల్‌కు ప్యానెల్ అయితే మాత్రం రెండు వైపులా కొట్టాల్సిందే.

ఎంత దూరం నుంచి, ఎంత మందంగా?

ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరం. చెయ్యి ఆపకుండా ఒక చివర నుంచి ఇంకో చివరకు పోవాలి. ప్రతి వరుస ముందు వరుస సగం మీద పడాలి. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా కొడితే ఎక్కడా ఖాళీ మిగలదు. సాలెగూడు పరిచినట్టు సన్నటి పోగులుగా పడితే సరిగ్గా కొడుతున్నట్టు. చెరువులా నిలిచిందంటే దగ్గరికి వచ్చేశారు, లేదా చెయ్యి ఆగింది.

అంచుల చుట్టూ రెండు అంగుళాల వెడల్పున ఇంకో పూత కొట్టండి. ఊడటం ఎప్పుడూ అంచు నుంచే మొదలవుతుంది. ప్లైవుడ్, థర్మాకోల్ కోసిన ముఖం లాంటివి మొదటి పూతను తాగేస్తాయి. అది ఆరాక రెండో పూత వేయాలి.

ఎంతసేపు ఆరబెట్టాలి?

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. డబ్బా మీద సాధారణంగా 5 నుంచి 15 నిమిషాలని ఉంటుంది. ఆ నిమిషాలను పట్టుకుని కూర్చోకండి, వేలితో చూడండి. వేలి వెనక భాగాన్ని, గోరు పైన కణుపు దగ్గర, గమ్ముకు మెల్లగా ఆనించండి. జిగట తెలియాలి, వేలికి మాత్రం గమ్ము రాకూడదు. వేలితో పాటు దారంలా సాగిందంటే ఇంకా తడి ఉంది. చిన్న ఖాకీ కాగితం ముక్కతోనూ చూడొచ్చు. నొక్కి తీస్తే శుభ్రంగా వచ్చేయాలి.

తడి ఉండగానే కలిపేస్తే సాల్వెంట్ లోపల ఇరుక్కుంటుంది. ఆ రోజు పట్టినట్టే ఉంటుంది. తర్వాత ఎండ తగలగానే లోపలి ఆవిరి దారి వెతుక్కుంటూ బొబ్బలు లేపుతుంది. థర్మాకోల్ అయితే లోపలి నుంచే మెల్లగా తినేస్తుంది. "అన్నా, రాత్రి బాగుండె, పొద్దునకంతా లేచిపోయి ఉండాది" అని ఫోన్ వచ్చిందంటే, నూటికి తొంభై సార్లు వాళ్లు ఆరకముందే కలిపేసి ఉంటారు.

మరీ ఎక్కువ ఆరినా కష్టమే. అరగంట దాటి వదిలేస్తే గమ్ము జీవం పోతుంది. అప్పుడు పలచగా ఇంకో పూత కొట్టి మళ్లీ ఆరబెట్టండి. సన్‌బోర్డు అయితే హీట్ గన్‌తో దూరం నుంచి కొంచెం వెచ్చబెడితే మళ్లీ జిగట వస్తుంది. థర్మాకోల్‌కు హీట్ గన్ వద్దు. ఏదైనా సరే, సాల్వెంట్ వాసన గదిలో ఉండగా హీట్ గన్ స్విచ్ వేయొద్దు.

మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గమ్ము మూడు నాలుగు నిమిషాల్లోనే సిద్ధమవుతుంది. పెద్ద షీటు అయితే రెండో చివర కొట్టే లోపు మొదటి చివర దాటిపోతుంది. ఇద్దరు చెరో ముఖం కొట్టండి, లేదా పొద్దున ఎనిమిదిలోపు పని పెట్టుకోండి.

వానాకాలంలో గమ్ము తెల్లగా మారి పట్టడం లేదు, ఎందుకు?

సాల్వెంట్ ఆవిరయ్యేటప్పుడు గమ్ము ముఖం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి మంచులా కూర్చుంటుంది. ఆ తెల్లటి పొర నీళ్లే. పైకి ఆరినట్టు కనబడుతుంది, రెండు రబ్బరు ముఖాల మధ్య మాత్రం నీటి పొర నిలిచి ఉంటుంది.

దీన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక కార్తీక మాసంలో తిరుచానూరు వైపు ఒక మండపంలో పెళ్లి. పన్నెండు అడుగుల ఆర్చీ. రెండు రోజులుగా ముసురు. తెల్లవారుజామున ముహూర్తం, రాత్రి పదకొండుకు ఇంకా అతికించడం మొదలుపెట్టలేదు. గమ్ము మీద తెలుపు కనబడుతూనే ఉంది. కుర్రాడు "అన్నా, ఇంకొంచేపు ఆగుదామా?" అన్నాడు. టైం లేదని కలిపేయించాను. మూడున్నరకు పూలు కట్టేవాళ్లు బరువు వేయగానే కుడి వైపు పై ప్యానెల్ చివర నుంచి చివరకు కాగితం చింపినట్టు విడిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక నుంచి చెక్క బద్దలు, స్క్రూలు వేసి నిలబెట్టాం. పెళ్లికూతురి తండ్రి ఒక్క మాట కూడా అనలేదు. ఆయన ముఖం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

కపిలతీర్థంలో జలపాతం జోరుగా దూకే రోజుల్లో స్ప్రే పని వీలైనంతవరకు మధ్యాహ్నానికి పెట్టుకుంటాను. షీట్లను ముందు రోజే లోపలికి తెచ్చి ఉంచుతాను. తెలుపు కనబడితే, పొడి గాలి ఆడేలా పెట్టి అది పూర్తిగా పోయేదాకా ఆగుతాను. తర్వాత పలచగా ఇంకో పూత. అదీ కుదరకపోతే ఆ రోజు గమ్ము మానేసి స్క్రూలతో బిగిస్తాను.

ఒకసారి అంటుకున్నాక జరపలేకపోతున్నాం. సరిగ్గా ఎలా పెట్టాలి?

జరగదు, అది దాని స్వభావం. అందుకే ముఖాలు తాకకముందే కొలత సరిచూసుకోవాలి. మేము వాడే పద్ధతి ఇది. అరంగుళం కరెంటు పైపులను షీటు వెడల్పుకు కొంచెం పొడుగ్గా కోసి పెట్టుకుంటాం. కింది షీటు గమ్ము ఆరాక దాని మీద జానెడు జానెడు దూరంలో పైపులు పరుస్తాం. పై షీటును వాటి మీద పడుకోబెట్టి నాలుగు మూలలూ సరిచూస్తాం. ఈ దశలో ఎటు కావాలంటే అటు జరుగుతుంది. మూలలు కుదిరాక నడుమ పైపు ఒకటి లాగి, అక్కడ అరచేత్తో నొక్కుతాం. తర్వాత దాని పక్కది, అలా బయటికి. గాలి అంచుల వైపు పోతుంది, బుడగలు ఉండవు.

చిన్న పనికి పైపుల బదులు బటర్ పేపర్ పెట్టి, కొంచెం కొంచెంగా లాగినా చాలు.

ఎంత బరువు పెట్టాలి? రాత్రంతా ఉంచాలా?

అక్కర్లేదు. ఈ గమ్ముకు కావాల్సింది ఒక్కసారి గట్టిగా నొక్కడం. మూడంగుళాల రబ్బరు రోలరుతో నడుమ నుంచి అంచుల దాకా ఒంటి బరువు వేసి నడపండి. ఇంట్లో అయితే అప్పడాల కర్ర కూడా పనికొస్తుంది. థర్మాకోల్ మీద మాత్రం బలం చూసుకోండి, గుంటలు పడితే పోవు. పూర్తి బలం 24 గంటలకు వస్తుంది. కోయడం, రంగు వేయడం లాంటివి గంటలో మొదలుపెట్టొచ్చు.

ప్యానెల్ విల్లులా వంగిపోతోంది.

ఒక వైపే సన్‌మైకానో, ప్లైవుడో, ప్రింటో అతికించి ఉంటారు. ఎండకు, తేమకు రెండు ముఖాలు వేర్వేరుగా సాగుతాయి, ప్యానెల్ వంగుతుంది. వెనక వైపు కూడా అదే రకం, అదే మందం షీటు వేస్తే తిన్నగా నిలుస్తుంది. వంగిన ప్యానెల్‌ను బలవంతంగా తిన్నగా చేసి మేకులు కొడితే అంచు దగ్గర గమ్ము మీద రోజంతా లాగుడు ఉంటుంది. పక్కకు లాగే బలాన్ని ఈ గమ్ము బాగా ఆపుతుంది, అంచు పట్టి పీకే బలానికి తొందరగా లొంగుతుంది.

బయట ఎండలో పెట్టొచ్చా?

ఒకటి రెండు రోజుల ఫంక్షన్‌కు పెట్టొచ్చు. పీవీసీ షీటు వేడికి బాగా సాగుతుంది. ఎనిమిదడుగుల షీటు తెల్లవారుజాము చల్లదనం నుంచి మధ్యాహ్నం ఎండకు వచ్చేసరికి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరగొచ్చు. రెండు షీట్ల మధ్య ఆ మాత్రం సందు వదలండి. ముదురు రంగు వేస్తే వేడి ఇంకా ఎక్కువ లాగుతుంది. తయారైన ప్యానెళ్లను మూసిన వ్యాన్‌లో ఎండలో వదిలి భోజనానికి పోవద్దు. లోపలి వేడికి గమ్ము మెత్తబడుతుంది. మనుషుల తలల మీదుగా వేలాడే ప్యానెల్ ఏదైనా గమ్ము ఒక్కదాన్నే నమ్మి కట్టకండి. స్క్రూ కానీ, తీగ కానీ ఉండాల్సిందే.

ఒక షీటుకు ఎన్ని డబ్బాలు పడతాయి?

8×4 షీటు 32 చదరపు అడుగులు. రెండు ముఖాలకు 64. డబ్బా మీద ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో ఉంటుంది, దానితో లెక్కేసి, అంచుల పూతకు ఇంకొంచెం కలుపుకోండి. నెలకు పది షీట్లు దాటితే డబ్బాలు మానేసి కంప్రెసర్, గన్, స్ప్రే గ్రేడ్ గమ్ము పెట్టుకోవడం చవక.

మాస్కు వేసుకుంటే చాలా?

గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు, ఎన్95 ఇవేవీ సాల్వెంట్ ఆవిరిని ఆపవు. ఎన్95 గమ్ము తుంపరలను ఆపుతుంది, వాసనతో వచ్చే ఆవిరి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానికి కార్బన్ కార్ట్‌రిడ్జ్ ఉన్న రబ్బరు మాస్కు వేరే ఉంటుంది, ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్ అని అడగండి. వేసుకున్నా వాసన తెలుస్తోందంటే కార్ట్‌రిడ్జ్ అయిపోయింది, లేదా మాస్కు ముఖానికి సరిగ్గా ఆనలేదు.

ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను. తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, పని అయ్యాక ఊరికే నవ్వు రావడం, ఇవన్నీ "అలవాటైపోతుంది" అనుకునేవి కావు. టోలుయీన్ మెదడు మీద పనిచేస్తుంది. హెక్సేన్ అనే సాల్వెంట్ ఉన్న గమ్ములతో ఏళ్ల తరబడి చెప్పులు చేసిన పనివాళ్లకు జపాన్‌లో, ఇటలీలో కాళ్లూ చేతుల నరాలు దెబ్బతిన్నట్టు వైద్యులు గుర్తించారు. మొదట వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తర్వాత పట్టు తగ్గుతుంది. రోజు కూలీకి వచ్చే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇవేమీ తెలియవు. చెప్పాల్సింది, మాస్కు కొనివ్వాల్సింది పని ఇచ్చేవాళ్లే. తలుపులు, కిటికీలు తెరిచి, గాలి మీ వెనక నుంచి వచ్చి బయటికి పోయేలా నిలబడి కొట్టండి. గర్భిణులు, చిన్నపిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

మండపంలోనే స్ప్రే కొట్టొచ్చా? దీపాలు దూరంగానే ఉన్నాయి.

వద్దు. సాల్వెంట్ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోకుండా నేల మీద పరుచుకుంటూ, మెట్లు దిగుతూ పోతుంది. ఇరవై అడుగుల అవతల ఉన్న దీపమో, అగరుబత్తో, కర్పూరమో, వంటశాల పొయ్యో దాన్ని అందుకుంటే మంట వెనక్కి పరుగెత్తి మీ దగ్గరికి వస్తుంది. నిప్పు తగిలితే టోలుయీన్ ఆవిరి అంటుకోవడానికి 4 డిగ్రీల వేడి చాలు, మన ఊళ్లో అంత చలి ఏ రోజూ ఉండదు. థర్మాకోల్ కూడా అంటుకుంటే నల్లటి పొగతో, మండుతూ బొట్లు బొట్లుగా రాలుతుంది. అతికించే పని అంతా షెడ్డులో ముగించి, మండపంలో స్క్రూలు, జిప్ టైలతో బిగించుకునేలా ముందే ప్లాన్ చేసుకోండి. పని జరిగే చోట బీడీ, సిగరెట్, సెల్‌ఫోన్ ఛార్జింగ్ ఏదీ వద్దు.

పిల్లల స్కూల్ ప్రాజెక్టుకు వాడొచ్చా?

వద్దు. థర్మాకోల్‌కు తెల్ల ఫెవికాల్, టూత్‌పిక్‌లు పెట్టి రాత్రంతా వదిలేయండి. గ్లూ గన్ అయితే తక్కువ వేడిది, అదీ పెద్దవాళ్ల చేత్తో. స్ప్రే డబ్బాలను, గమ్ము డబ్బాలను ఇంట్లో తాళం వేసి ఉంచండి. వీటిని వాసన పీల్చే అలవాటులో పడిన పిల్లలు ఉన్నారు. ఒక్కసారి పీల్చినా గుండె ఆగే ప్రమాదం ఉంది.

చేతికి, షీటుకు అంటిన గమ్ము ఎలా తీయాలి?

చేతికి అయితే కొబ్బరి నూనె రాసి, ఐదు నిమిషాలు ఆగి రుద్దితే ఉండలుగా వస్తుంది, తర్వాత సబ్బు. థిన్నర్‌తో చేతులు కడగొద్దు. షీటు మీద పడితే ఆరనిచ్చి, వేలితో దొర్లిస్తే రబ్బరు ఉండలా లేస్తుంది. థర్మాకోల్ మీద థిన్నర్ గుడ్డ పెడితే మరకతో పాటు షీటూ పోతుంది.

నాజిల్ మూసుకుపోయింది. సగం డబ్బా పారేయాలా?

నాజిల్ తీసి థిన్నర్‌లో పది నిమిషాలు నానబెట్టి, గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి. డబ్బాకే సూది గుచ్చొద్దు, లోపల ఒత్తిడి ఉంటుంది. ప్రతిసారి పని అవగానే డబ్బా తలకిందులు చేసి, గ్యాసు మాత్రమే వచ్చేదాకా రెండు సెకన్లు నొక్కితే నాజిల్ శుభ్రంగా ఉంటుంది. నిల్వ నీడలో, 50 డిగ్రీలు దాటని చోట ఉండాలి. ఎండలో ఆపిన ఆటో డిక్కీ, కారు డాష్‌బోర్డు ఆ వేడిని సులభంగా దాటేస్తాయి. ఖాళీ అయిన డబ్బాను చెత్త మంటలో వేయొద్దు, పేలుతుంది. విడిగా సంచిలో కట్టి, లోపల స్ప్రే డబ్బాలు ఉన్నాయని చెప్పి చెత్త బండివాళ్లకు ఇవ్వండి.